గొంతు దిగని ముద్దకు మరో దారి

నోటి క్యాన్సర్‌తో దవడలు బిగుసుకుపోయినవారు, నరాల జబ్బుతో మింగలేనివారు, పక్షవాతం వచ్చాక గుక్కెడు నీళ్లకే పొలమారేవారు ఆకలితో చిక్కిపోవాల్సిన పనిలేదు. ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ, చర్మం మీద చిన్న గాటు పెట్టి, జీర్ణాశయంలోకి నేరుగా ఆహారపు ట్యూబు అమర్చే విధానం నాలుగు దశాబ్దాలుగా ఉంది. ఆ మాట ఇంటికి చేరేసరికే మనిషి సగమైపోతున్నాడన్నదే బాధ.

మూడు వేళ్లు దగ్గరగా చేర్చి, నిలువుగా నోట్లో పెట్టి చూడండి. పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య సులువుగా పట్టాయంటే మీ నోరు బాగానే తెరుచుకుంటోంది. పరికరం ఏదీ అక్కర్లేకుండా డాక్టర్లు నోటిని అంచనా వేసే పద్ధతుల్లో ఇదొకటి. గుట్కా, ఖైనీ, వక్కపొడి ఏళ్ల తరబడి దవడన పెట్టుకున్నవాళ్లలో బుగ్గ లోపలి పొర పీచుకట్టి గట్టిపడుతుంది. మూడు వేళ్లు పట్టిన చోట కొన్నాళ్లకు రెండే పడతాయి. తర్వాత ఒక్కటే. ఆ పైన క్యాన్సర్ కూడా తోడైతే వేలి కొన దూరడమూ కష్టమే. మనిషి ముందు అన్నం మానేసి జావకు దిగుతాడు. జావ కూడా కష్టమయ్యాక స్ట్రా పెట్టి పాలు పీలుస్తాడు. ఒకరోజు ఆ పాలూ గొంతులో అడ్డం తిరుగుతాయి.

మన దేశంలో ఏటా లక్షమందికి పైగా కొత్తగా నోటి క్యాన్సర్ బారిన పడుతున్నారు. పొగాకు నమలడమే వీటిలో ఎక్కువ కేసులకు మూలం. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పును నోటి లోపలికి పెట్టుకుని కాల్చే ‘అడ్డపొగ’ అలవాటు, అంగిట్లో వచ్చే క్యాన్సర్‌కు కారణమని వైద్యులు ఎప్పుడో తేల్చారు. ఆ అలవాటు ఎక్కువగా ఆడవాళ్లదే. జబ్బు నోట్లో మొదలైనా, మనిషిని ముందుగా కుంగదీసేది తిండి లేకపోవడం. బరువు తగ్గుతుంది, కండ కరుగుతుంది, పుండు మానదు. రేడియేషన్ మొదలుపెట్టిన మూడో వారానికే ‘ఇక నావల్ల కాదు’ అని మంచం పడతారు.

అప్పుడు డాక్టరు అంటారు, పొట్టకు ట్యూబు వేద్దామని. వార్డు బయట బెంచీ మీద ఏ భార్య అయినా అడిగే ప్రశ్న ఒకటే: ‘పొట్టకు పైపు పెడతామంటున్నారు, ఇక మా ఆయన పని అయిపోయినట్టేనా సార్?’

కాదమ్మా. చాలామంది విషయంలో అది చికిత్సకు తట్టుకునే శక్తిని ఇచ్చే ఏర్పాటు. జబ్బు నయమై మళ్లీ నోటితో తినగలిగిన రోజున తీసేయొచ్చు కూడా. ఈ కథనమంతా ఆ ఒక్క సమాధానాన్ని వివరంగా చెప్పడానికే.

ముక్కు పైపు ఎన్నాళ్లు?

నోటితో తినలేనివారికి మన ఆసుపత్రుల్లో మొదట వేసేది రైల్స్ ట్యూబు. ముక్కులోంచి గొంతు మీదుగా జీర్ణాశయం దాకా వెళ్లే సన్నని గొట్టం ఇది. లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు జాన్ రైల్ 1921లో దీన్ని ప్రవేశపెట్టింది అన్నం పెట్టడానికి కాదు, జీర్ణరసాన్ని బయటికి లాగి పరీక్షించడానికి. ఆయన పేరు వందేళ్ల తర్వాత కూడా మన వార్డుల్లో రోజూ వినిపిస్తూనే ఉంది.

కొద్దిరోజుల అవసరానికి రైల్స్ ట్యూబు మంచిదే. మంచం దగ్గరే వేయొచ్చు, ఖర్చు తక్కువ, వద్దనుకుంటే తీసేయొచ్చు. నాళ్లు గడిచేకొద్దీ ఇబ్బందులు మొదలవుతాయి. ముక్కు రంధ్రం ఒరుసుకుపోయి పుండు పడుతుంది. గొంతులో ఏదో అడ్డుపడ్డట్టే ఉంటుంది. రాత్రి నిద్రలో లాగేసుకుంటారు, మళ్లీ వేయించుకోవడానికి ఆసుపత్రికి పరుగు. ట్యూబు కొన జరిగి ఊపిరితిత్తుల వైపు వెళ్తే ప్రాణం మీదికి వస్తుంది. ఇవన్నీ ఒక ఎత్తయితే, ముఖం మీద వేలాడే గొట్టంతో నలుగురిలోకి రాలేక ఇంట్లోనే ఉండిపోయేవాళ్ల బాధ మరో ఎత్తు.

అందుకే నోటితో తినలేని పరిస్థితి నాలుగు వారాలు దాటేలా కనిపిస్తే, పొట్ట దారి గురించి ఆలోచించాలన్నది వైద్యులు సాధారణంగా పాటించే లెక్క. ఈ ఏర్పాటును గ్యాస్ట్రాస్టమీ అంటారు. చొక్కా వేసుకుంటే పైకి కనిపించదు. ముక్కు ఖాళీగా ఉంటుంది. ట్యూబు కాస్త లావుగా ఉంటుంది కాబట్టి ఆహారమూ మందులూ సులువుగా వెళ్తాయి.

తుపాకీ గాయం నేర్పిన పాఠం

పొట్టకు రంధ్రం ఉన్నా మనిషి బతకగలడని ప్రపంచానికి తెలిసింది ఒక ప్రమాదం వల్ల. అమెరికా, కెనడా సరిహద్దు సరస్సుల్లోని మాకినాక్ దీవిలో 1822 జూన్ 6న, బొచ్చు తోళ్ల వ్యాపార కేంద్రంలో తుపాకీ పేలి అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడి పొట్ట చీలింది. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ ప్రాణం నిలబెట్టాడు గానీ గాయం పూర్తిగా మూసుకోలేదు. జీర్ణాశయం అంచు చర్మానికి అతుక్కుని, శాశ్వతంగా ఒక రంధ్రం మిగిలింది. ఆ రంధ్రంలోంచి పట్టుదారానికి కట్టిన ఆహారపు ముక్కల్ని లోపలికి దించి, ఎంతసేపట్లో అరుగుతున్నాయో బోమాంట్ ఏళ్ల తరబడి గమనించాడు. 1833లో ఆయన అచ్చువేసిన పుస్తకం జీర్ణక్రియ శాస్త్రానికి పునాది అయింది. ఆ పేద కూలీ ఒంటి మీద చేసిన ప్రయోగాల్లో అతని ఇష్టానికి ఎంత చోటుందన్నది నేటికీ వైద్యనీతి పాఠాల్లో చర్చకు వచ్చే ప్రశ్న. సెయింట్ మార్టిన్ మాత్రం 1880 దాకా బతికాడు.

కావాలని రంధ్రం చేసి ఆహారం పంపడం అంత తేలిగ్గా చేతికి రాలేదు. 1849లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో సెడిలో అనే సర్జన్ తొలి ప్రయత్నం చేశాడు, రోగి దక్కలేదు. శుభ్రత, మత్తు మెరుగుపడ్డాక 19వ శతాబ్దం చివరికి ఆపరేషన్ నిలదొక్కుకుంది. ఆ తర్వాత దశాబ్దాల పాటు పొట్ట కోయడం, మత్తు ఇవ్వడం, కుట్లు వేయడం తప్పలేదు. అసలే చిక్కి శల్యమైన మనిషికి అది పెద్ద పరీక్ష.

1979 జూన్ 12న అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్‌లో పిల్లల సర్జన్ మైకేల్ గాడరర్, ఎండోస్కోపీ నిపుణుడు జెఫ్రీ పోన్‌స్కీ ఆ కోతను తప్పించారు. నాలుగున్నర నెలల పసికందు నోట్లోంచి ఎండోస్కోపు దించి, జీర్ణాశయంలో వెలిగిన దీపం వెలుతురు పొట్ట చర్మం మీద ఎక్కడ కనబడిందో అక్కడ సూదితో గుచ్చి, ట్యూబు అమర్చారు. ఈ రోజు మన ఆసుపత్రుల్లో ‘పెగ్’ అని పిలిచేది ఇదే.

అయితే పెగ్ వేయాలంటే నోరు తెరుచుకోవాలి, గొంతులోంచి ఎండోస్కోపు దిగాలి. ఆ రెండూ కుదరనివారి సంగతేమిటి? అందుకు జవాబు రెండేళ్లకే వచ్చింది. 1981లో కెనడా సర్జన్ ప్రెషా, ఎండోస్కోపు అవసరం లేకుండా ఎక్స్‌రే తెర మీద చూస్తూ చర్మంలోంచే ట్యూబు వేసే పద్ధతిని ప్రచురించాడు. 1983లో టొరంటో రేడియాలజిస్టు హో, ఇంకొందరు దాన్ని ముందుకు తీసుకెళ్లారు. వీళ్లందరికీ ఆధారం స్వీడన్ వైద్యుడు సెల్డింగర్ 1953లో చూపిన కిటుకు: ముందు సూది, సూదిలోంచి సన్నటి తీగ, సూది తీసేసి ఆ తీగ మీదుగా గొట్టం. రక్తనాళాల కోసం కనిపెట్టిన ఆ వరస, పొట్టకూ అంతే చక్కగా పనికొచ్చింది.

తెర మీద చూస్తూ...

ఈ పని చేసేది ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు. స్కాన్ చూసి రిపోర్టు రాయడంతో ఆగకుండా, ఆ స్కాన్ సాయంతోనే చికిత్స చేసే నిపుణులు వీళ్లు. చోటు క్యాథ్‌ల్యాబో, ఫ్లోరోస్కోపీ గదో. ఫ్లోరోస్కోపీ అంటే కదులుతున్న ఎక్స్‌రే. లోపల ఏం జరుగుతోందో తెర మీద అప్పటికప్పుడు కనిపిస్తుంది.

ముందుగా రక్తపరీక్షలు. గడ్డకట్టే గుణాన్ని చెప్పే ఐఎన్‌ఆర్ 1.5 దాటకూడదు, ప్లేట్‌లెట్లు 50 వేలకు తగ్గకూడదని సాధారణంగా చూస్తారు. రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే ఏది ఎన్నాళ్లు ఆపాలో డాక్టరే చెబుతారు, సొంతంగా మానేయకూడదు. ముందు రోజు రాత్రి కొందరికి కాస్త బేరియం ఇస్తారు. తెల్లారేసరికి అది పెద్దపేగులోకి చేరి ఎక్స్‌రేలో స్పష్టంగా కనబడుతుంది. సూది ఎటు వెళ్లకూడదో దాంతో తెలిసిపోతుంది.

టేబుల్ మీద పడుకోబెట్టాక అల్ట్రాసౌండ్‌తో కాలేయం అంచు ఎక్కడిదాకా ఉందో చూసి, చర్మం మీద పెన్నుతో గీత గీస్తారు. ఖాళీ జీర్ణాశయం ముడుచుకుని పక్కటెముకల కింద దాక్కుని ఉంటుంది. దాన్ని ముందుకు తీసుకురావాలి. ముక్కు ట్యూబులోంచి గాలి పంపుతారు. తెర మీద నల్లటి నీడ ఒకటి మెల్లగా ఉబ్బుతుంది, పెద్దపేగును కిందికి నెట్టుకుంటూ పొట్ట గోడకు ఆనుకుంటుంది. ఆ గాలి పేగుల్లోకి జారిపోకుండా, కదలికను కాసేపు ఆపే ఇంజెక్షన్ ఇస్తారు. గొంతులో గడ్డ అడ్డుపడి మామూలు ముక్కు ట్యూబు దిగకపోతే, తెర మీద చూస్తూ సన్నటి తీగ మీదుగా చిన్న క్యాథెటర్ దించుతారు. అదీ కుదరకపోతే అల్ట్రాసౌండ్ లేదా సీటీ స్కాన్ చూపిస్తుండగా సన్నని సూదితో నేరుగా జీర్ణాశయంలోకి గాలి నింపే మార్గమూ ఉంది.

ఇప్పుడు ఎడమ పక్కటెముకల కింద, కాలేయానికీ పెద్దపేగుకూ తగలని చోట చర్మానికి తిమ్మిరి ఇంజెక్షన్ ఇస్తారు. తర్వాత వేసేవి రెండు మూడు లంగర్లు. ఒక్కో లంగరు సన్నటి లోహపు ముక్క, దాని నడుముకు దారం. సూదిలోంచి నిలువుగా లోపలికి వెళ్లి, చొక్కా గుండీ కాజాలో అడ్డం తిరిగినట్టు, జీర్ణాశయం లోపల అడ్డం తిరిగి నిలుస్తుంది. పైనుంచి దారం బిగిస్తే జీర్ణాశయం పొట్ట గోడకు హత్తుకుంటుంది. ఆ రెండింటి మధ్య సందు ఉంటే లోపలి రసాలు పొట్టలోకి కారే ప్రమాదం ఉంది కాబట్టి చాలామంది నిపుణులు ఈ జాగ్రత్త తీసుకుంటారు.

లంగర్ల మధ్యలో అసలు సూది. సిరంజిలోకి గాలి బుడగలు వచ్చాయంటే సరైన చోటికి చేరినట్టు. అయినా డాక్టరు అక్కడితో నమ్మేయరు. చిన్న మోతాదు కాంట్రాస్ట్ మందు వదులుతారు. తెర మీద జీర్ణాశయం లోపలి ముడతలు గీతలు గీతలుగా తేలుతాయి. అప్పుడే గైడ్‌వైరు ముందుకు వెళ్తుంది. సూది బయటికొస్తుంది, వైరు లోపలే ఉంటుంది. దాని మీదుగా చిన్నది, పెద్దది, ఇంకా పెద్దది అంటూ వరసగా గొట్టాలు దించి దారిని వెడల్పు చేస్తారు. ఆఖరున ట్యూబు. సాధారణంగా వాడే 14 ఫ్రెంచ్ సైజు ట్యూబు మందం 5 మిల్లీమీటర్లకు లోపే. ఫ్రెంచ్ కొలతలో మూడు అంకెలు ఒక మిల్లీమీటరు. ట్యూబు కొసన చిన్న బెలూను ఉంటుంది, దాన్ని స్టెరైల్ వాటర్‌తో నింపుతారు. లోపల బెలూను, బయట చర్మం మీద బిళ్ల, ఈ రెండూ ట్యూబును కదలనివ్వవు. మరోసారి కాంట్రాస్ట్ వదిలి, అది జీర్ణాశయంలోకే వెళ్తోందని చూసి ముగిస్తారు.

సాఫీగా సాగితే అరగంట నుంచి గంట. చాలామందికి పూర్తి మత్తు అవసరం ఉండదు. మనిషి మెలకువగానే ఉండి, పక్కనున్న నర్సుతో సైగలు చేస్తూ ఉండొచ్చు. కొన్ని గంటలు ఆగి ముందు నీళ్లు, ఆ తర్వాత ఆహారం మొదలుపెడతారు.

ఎవరికి మేలు?

నోరు తెరుచుకుని, ఎండోస్కోపు సులువుగా దిగేవారికి పెగ్ మంచి దారే. మన దగ్గర ఎక్కువచోట్ల దొరికేదీ అదే. తెర సాయంతో వేసే పద్ధతి ప్రత్యేకంగా అక్కరకొచ్చేది మూడు చోట్ల.

మొదటిది నోరు, గొంతు క్యాన్సర్లు. దవడలు బిగిసినా, అన్నవాహిక ఇరుకైనా ఈ పద్ధతికి అడ్డు కాదు. ఇంకో కారణమూ ఉంది. పెగ్‌లో ట్యూబును నోట్లోంచి లాగి పొట్ట బయటికి తెస్తారు. అలా లాగేటప్పుడు నోట్లోని క్యాన్సర్ కణాలు ట్యూబుకు అంటుకుని పొట్ట చర్మం దగ్గర గడ్డగా పెరిగిన సందర్భాలు, అరుదే అయినా, వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. చర్మంలోంచి నేరుగా వేస్తే ట్యూబు నోటిని తాకనే తాకదు.

రెండోది ఏఎల్‌ఎస్ లాంటి నరాల జబ్బులు. కాళ్లూ చేతులతోపాటు మింగే కండరాలు, ఊపిరి కండరాలు కూడా క్రమంగా బలహీనపడతాయి. ఊపిరి శక్తి సగానికి పడిపోయాక మత్తు ఇచ్చి ఎండోస్కోపీ చేయడం ప్రమాదం. స్థానిక తిమ్మిరితో, తల కాస్త ఎత్తుగా పెట్టి ట్యూబు వేయగలగడం అలాంటివారికి వరం. బ్రిటన్‌లోని 24 కేంద్రాల్లో 345 మంది ఏఎల్‌ఎస్ రోగుల్ని గమనించి 2015లో ప్రచురించిన ‘ప్రోగ్యాస్’ అధ్యయనంలో, ఏ పద్ధతిలో వేశారన్నదాని వల్ల భద్రతలో పెద్ద తేడా కనబడలేదు. ట్యూబు వేసేనాటికి బాగా బరువు కోల్పోయినవారే తర్వాత తక్కువకాలం బతికారు. అంటే పద్ధతి కన్నా వేళ ముఖ్యం. ఈ ఒక్క మాట మన డాక్టర్లూ, కుటుంబాలూ గట్టిగా పట్టుకోవాలి.

మూడోది జీర్ణాశయంలో ఆహారం నిలవక పదే పదే వెనక్కి ఎగదన్నేవారు. వీళ్లకు అదే రంధ్రంలోంచి తీగ సాయంతో మరింత పొడవాటి ట్యూబును చిన్నపేగు దాకా నడిపించొచ్చు.

పక్షవాతం సంగతి వేరు. చాలామందికి మొదటి వారాల్లోనే మింగే శక్తి కొంత తిరిగొస్తుంది. 2005లో వెలువడిన ‘ఫుడ్’ అనే పెద్ద అంతర్జాతీయ అధ్యయనం, పక్షవాతం వచ్చిన వెంటనే పెగ్ వేయడం వల్ల మేలు జరగలేదని, మొదటి రెండు మూడు వారాలు ముక్కు ట్యూబే మంచిదని సూచించింది. ఆ తర్వాత కూడా మింగలేకపోతేనే పొట్ట ట్యూబు.

క్యాన్సర్‌లో మాత్రం వేచిచూడటం తరచు బెడిసికొడుతుంది. రేడియేషన్ ఆరేడు వారాలు, వారానికి ఐదు రోజులు నడుస్తుంది. మధ్యలో నోరంతా పూసి పుండ్లు పడతాయి, ఉమ్ము మింగడమే నరకం. అప్పటికే బరువు తగ్గుతున్నవాళ్లు, పొలమారుతున్నవాళ్లు చికిత్స మొదలయ్యేలోపే ట్యూబు గురించి మాట్లాడుకోవాలి. అందరికీ ముందస్తుగా వేయాలని కాదు. ట్యూబు ఉంది కదా అని మింగడం పూర్తిగా మానేస్తే గొంతు కండరాలు వాడుక తప్పి మొద్దుబారతాయి. అందుకే ట్యూబు ఉన్నా, డాక్టరు సరేనన్నంత మేరకు నీళ్లో మజ్జిగో గుటక వేస్తూ, మింగే వ్యాయామాలు చేస్తూ ఉండాలి. నోటి శుభ్రతా అంతే ముఖ్యం. తినని నోట్లోనూ క్రిములు పెరుగుతాయి, అవి ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా.

వద్దని చెప్పాల్సిన వేళ

ట్యూబు వేయగలగడం వేరు, వేయాల్సి రావడం వేరు. ముదిరిన మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా చివరి దశలో ఉన్న పెద్దవాళ్లకు ఆహారపు ట్యూబు ఆయుష్షు పెంచుతుందని గానీ, న్యుమోనియా ఆపుతుందని గానీ ఆధారాలు లేవు. అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ 2014లో ఇదే స్పష్టంగా చెప్పి, ట్యూబు బదులు ఓపిగ్గా చేత్తో తినిపించమని సూచించింది. పక్కన కూర్చుని, మెత్తగా కలిపిన ముద్దను కొంచెం కొంచెంగా, వాళ్లు మింగేదాకా ఆగుతూ పెట్టడం మన ఇళ్లకు కొత్తేమీ కాదు.

ఇంకొన్ని రోజులే మిగిలాయని తెలిసినవారి విషయమూ అంతే. ఆకలి దప్పికలు తగ్గిపోవడం ఆ దశలో శరీరం సహజంగా చేసే పని. ‘అన్నం లేకుండా ఎలా పంపిస్తాం?’ అన్న కన్నబిడ్డల వేదన నిజమైనదే. ఆ వేదనకు మందు రోగి పొట్టకు గాటు పెట్టడం మాత్రం కాదు. నోరు తడుపుతూ, నొప్పి లేకుండా చూస్తూ, పక్కన ఉండటమే అప్పటి సేవ. కాబట్టి ట్యూబు వేసేముందే దాంతో ఏం సాధించాలనుకుంటున్నామో ఇంటిల్లిపాదీ డాక్టరుతో కూర్చుని మాట్లాడాలి. రోగి మాట్లాడగలిగితే మొదటి మాట ఆయనదే.

పొట్టలో నీరు బాగా చేరినవారికి, రక్తం గడ్డకట్టే లోపం సరిదిద్దలేనివారికి, జీర్ణాశయానికీ చర్మానికీ మధ్య పేగు అడ్డుపడినవారికి ఈ పద్ధతి కుదరకపోవచ్చు. కుదిరినవారికీ ప్రమాదాలు లేకపోలేదు. ఎక్కువగా కనిపించేవి రంధ్రం చుట్టూ ఇన్‌ఫెక్షన్, కాస్త కారడం, ట్యూబు మూసుకుపోవడం, ఊడిరావడం. రక్తస్రావం, పెద్దపేగుకు గాయం, పొట్ట లోపల చీము పట్టడం అరుదు, వస్తే తీవ్రం. సంతకం పెట్టేముందు ఇవన్నీ అడిగి తెలుసుకోవడం మీ హక్కు.

ఇక వంటింటి బాధ్యత

ట్యూబు వేయించుకుని ఇంటికి వచ్చాక అసలు పని మొదలవుతుంది, అది ఎక్కువగా ఇంటి ఆడవాళ్ల మీదే పడుతుంది. కాబట్టి డిశ్చార్జి కాగితం ఇచ్చేటప్పుడే ట్యూబులో ఆహారం ఎలా పోయాలో చేసి చూపించమని నర్సును అడగండి, ఆమె ముందే ఒకసారి మీరు చేసి చూపండి.

తినిపించేముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మనిషి పడుకుని ఉండకూడదు. తలవైపు కనీసం 30 నుంచి 45 డిగ్రీల ఎత్తున దిండ్లు పెట్టాలి. 50 మి.లీ. సిరంజి లోపలి కడ్డీ తీసేసి, ఖాళీ గొట్టాన్ని ట్యూబుకు తగిలించి, ముందు కాచి చల్లార్చిన నీళ్లు పోయాలి. తర్వాత ఆహారం. సిరంజిని ఎత్తితే వేగంగా దిగుతుంది, దించితే నెమ్మదిస్తుంది. కడ్డీతో నెట్టడం కన్నా దానంతట అది దిగనివ్వడం మేలు. చివర్లో మళ్లీ నీళ్లు పోసి ట్యూబు కడగాలి. ఆ తర్వాత అరగంట నుంచి గంట దాకా కూర్చోబెట్టే ఉంచాలి.

రాగిజావ, పప్పుకట్టు, పాలు, పలచటి మజ్జిగ, మెత్తగా రుబ్బి వడకట్టిన అన్నం, ఉడికించిన కూరగాయల రసం ఇవన్నీ పనికొస్తాయి. పలచగా ఉంటే ట్యూబు మూసుకోదు గానీ, నీళ్లలా ఉంటే బలం చాలదు. అందుకే రోజుకు ఎన్ని క్యాలరీలు, ఎంత ప్రొటీన్, ఎన్ని నీళ్లు అన్నది డైటీషియన్‌తో లెక్క వేయించుకోవాలి. పిప్పి, గింజ, తొక్క ఏదీ మిగలకుండా సన్నజల్లెడలో వడకట్టాలి. వండినది గంటల తరబడి బయట ఉంచకూడదు. మాత్రల్ని ఒక్కోటి విడిగా పొడిచేసి నీళ్లలో కలిపి పోసి, ప్రతి మాత్ర తర్వాతా నీళ్లు పోయాలి. నెమ్మదిగా కరిగేలా తయారుచేసిన మాత్రల్ని పొడి చేయకూడదు, వాటికి సిరప్ ఉందేమో అడగండి. ట్యూబు మూసుకుపోతే గోరువెచ్చని నీళ్లతో సిరంజిని మెల్లగా ముందుకూ వెనక్కూ ఆడించాలి. పుల్లలూ తీగలూ దూర్చకండి.

రంధ్రం చుట్టూ రోజూ సబ్బునీళ్లతో శుభ్రం చేసి పొడిగా ఉంచాలి. లోపలి లంగర్ల దారాల్ని సాధారణంగా రెండు వారాల తర్వాత ఆసుపత్రిలో కత్తిరిస్తారు. బెలూనులో నీళ్లు తగ్గాయేమో వారానికోసారి, నేర్పించిన పద్ధతిలో చూడాలి. బెలూను ట్యూబుల్ని మూడు నుంచి ఆరు నెలలకోసారి మార్చాల్సి వస్తుంది.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన సందర్భాలు

ట్యూబు వేసిన మొదటి వారాల్లో ఊడిపోతే మీరు తోయకండి. దారి ఇంకా గట్టిపడదు, ట్యూబు పక్కకు వెళ్లొచ్చు. శుభ్రమైన గుడ్డ వేసి వెంటనే బయలుదేరండి.

పాతబడిన దారిలోంచి ఊడినా ఆలస్యం పనికిరాదు. కొన్ని గంటల్లోనే రంధ్రం మూసుకుపోతుంది. పడిపోయిన ట్యూబును కూడా తీసుకెళ్లండి, సైజు తెలుస్తుంది.

ఆహారం పోస్తుంటే తీవ్రమైన కడుపునొప్పి, జ్వరం, పొట్ట బిగుసుకోవడం, రక్తం కనిపించడం, ఆగని వాంతులు. వీటిలో ఏది ఉన్నా ఆహారం అక్కడే ఆపేయాలి.

మొదటి రోజే అడగాల్సిన మాట

ఈ విధానానికి కావాల్సిన యంత్రాలు, నిపుణులు పెద్ద నగరాల్లోనే ఎక్కువ. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో రావాలంటే ప్రయాణం, బస, కూలి పోగొట్టుకోవడం అన్నీ భారమే. అందుకే ఒకే ప్రయాణంలో రెండు పనులు కలిసొచ్చేలా ముందే అడగాలి: రేడియేషన్ ప్లానింగ్ కోసం వచ్చినప్పుడే ట్యూబు వేయించుకోవచ్చా, ఆరోగ్యశ్రీలో ఏ ప్యాకేజీ కిందికి వస్తుంది, ట్యూబు మార్చడం మా జిల్లా ఆసుపత్రిలో జరుగుతుందా? ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను, చికిత్స చేసే డాక్టరును ఇద్దర్నీ అడగండి.

క్యాన్సర్ ఆసుపత్రులూ తమ వంతు చేయాలి. కొత్త రోగి వచ్చిన రోజే బరువు తూచి, నోరు ఎంత తెరుచుకుంటుందో కొలిచి, గత మూడు నెలల్లో ఎన్ని కిలోలు తగ్గారో కాగితం మీద రాస్తే చాలు. వాటిని చూస్తే ట్యూబు ఎవరికి ఎప్పుడు కావాల్సి వస్తుందో చాలావరకు ముందే అంచనా వేయొచ్చు. ఇందుకు కొత్త యంత్రం అక్కర్లేదు. బరువు చూసే మిషను, మూడు వేళ్లు, నాలుగు నిమిషాల ఓపిక ఉంటే సరిపోతుంది. నీరసించిపోయాక, రక్తం తగ్గాక, ఇన్‌ఫెక్షన్ ముదిరాక వేసే ట్యూబుకు ప్రమాదాలు ఎక్కువ, ఫలితం తక్కువ. అదే ట్యూబును నెల ముందు వేస్తే చికిత్స ఆగకుండా పూర్తయ్యే అవకాశం పెరుగుతుంది.

డాక్టరు గదిలోకి వెళ్లగానే మన వాళ్లు అడిగేవి ఎప్పుడూ అవే: ఏ స్టేజీ, ఎన్ని కీమోలు, ఎంత ఖర్చు. వాటితో పాటు ఇంకొకటి కలపండి: ‘ఈ చికిత్స పూర్తయ్యేదాకా ఈయన ఏం తింటారు, ఎలా తింటారు?’ సమాధానం వచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి.